శుక్రవారం ఫోను

"మళ్లీ ఓసారి ఆపి వెయ్యరా," అంది మరియమ్మ.

"పొద్దున్నించీ అదే పని కదే అమ్మా. ఎన్నిసార్లని వేస్తాను?"

"నీ చేతులేం అరిగిపోవు. వెయ్యి."

చిన్నా ఫోను వెనక మూత ఊడదీశాడు. బ్యాటరీ తీసి, సిమ్ము తీసి, లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. తెర వెలిగింది. తల్లీ కొడుకూ దాని మీదికి వంగి చూశారు. మొన్నటిదాకా 'సుస్వర' అని కంపెనీ పేరు కనిపించే చోట ఏమీ లేదు. సిగ్నలు గీత ఒక్కటి కూడా లేదు.

మంగళవారం నుంచి ఇదే తంతు. ఇవాళ గురువారం. రేపు షైనీ ఫోను చేస్తుంది.

మరియమ్మ కోడలు షైనీ కువైట్ వెళ్లి రెండో ఏడు నడుస్తోంది. ఇంటికి శ్లాబు పడేదాకా అని వెళ్లింది. శ్లాబు పడలేదు, ఆమె రాలేదు. అక్కడ శుక్రవారం సెలవు. యజమాని ఇంట్లో వాళ్లు మసీదు నుంచి వచ్చి, భోంచేసి పడుకున్నాక, ఇక్కడ ఎండ వాలే వేళకి ఆమె ఫోను వచ్చేది. దాని కోసం మరియమ్మ చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడా మానుకుంది. పాస్టరమ్మగారు దెప్పితే, "ప్రభువు రోజూ వింటాడండి, నా కోడలు వారానికోసారే మాట్లాడద్ది," అని ఊరుకునేది.

అలాంటి ఇంట్లో ఫోను మూగబోయింది.

జరిగిందేమిటంటే, సుస్వర కంపెనీని ఢిల్లీ పెద్ద కంపెనీ ఒకటి తనలో కలిపేసుకుంది. ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలుపుకుని నవ్వుతున్న ఫొటో పేపర్లో వేశారు. ఆ నవ్వుకీ రాజోలు పక్క పేటలో సగం కట్టిన తన ఇంటికీ సంబంధం ఉంటుందని మరియమ్మ అనుకోలేదు. ఎవరు మాత్రం అనుకుంటారు? ఫోనుకి ఇంగ్లీషులో ఏవో మెసేజీలు వచ్చాయి. పాటలు పెట్టుకోమని ఊదరగొట్టే మెసేజీలే అనుకుని చిన్నా చెరిపేశాడు. తీరా చూస్తే పాత సిమ్ములన్నీ నెలాఖరులోగా కొత్త కంపెనీ సిమ్ములుగా మార్చుకోవాలట. ఎవరి పేరున ఉంటే వాళ్లే గుర్తింపు కాగితం పట్టుకుని స్వయంగా రావాలట.

అక్కడే పీటముడి పడింది. ఆ సిమ్ము షైనీ పేరున ఉంది.

కొన్ననాడు రీఛార్జి కొట్టు నాగసతీష్ ఫొటో ఉన్న కాగితం ఏదైనా ఇమ్మంటే, ఇంటిల్లిపాదికీ అలాంటిది ఒక్కటే కనిపించింది. అప్పుడే చేతికొచ్చిన షైనీ పాస్‌పోర్టు. దాని జెరాక్సు ఇచ్చి సిమ్ము కొని, ఫోను అత్తగారి చేతిలో పెట్టి, పాస్‌పోర్టు తను పట్టుకుని ఆ పిల్ల విమానమెక్కింది. తనతో మాట్లాడటానికి పెట్టుకున్న నెంబరు తను వస్తే తప్ప బతకదని అప్పుడెవరికి తెలుసు?

"నాగసతీష్ ఏవన్నాడసలు?" అంది మరియమ్మ.

"చెప్పేను కదా. నెలాఖరు దాకా పాతవి పనిచెయ్యాలంట. మన పేటలో మిగతా వాళ్లవి చేస్తన్నాయి కూడా. మనదెందుకాగిందో తనకీ అంతుబట్టట్లేదన్నాడు. అమలాపురం షోరూంలో కనుక్కోమన్నాడు."

"మరి పద. ఇప్పుడే పోదాం."

"శనివారం వెళ్దాంలే."

"శనివారం ఎందుకు? ఫోనొచ్చేది రేపు కదా."

"ఓ వారం మాట్లాడకపోతే కొంపలంటుకుంటాయా? పై వారం మాట్లాడుకుంటాం."

"శనివారం ఏవుందని శనివారం అంటున్నావ్?"

చిన్నా చూపు వాకిట్లో ఇటుకల మీదికి పోయింది. తాపీ మేస్త్రీ వాడు. పని లేని రోజున కూడా ఏదో ఒక ఇటుక తీసి ఇంకో చోట పెడుతుంటాడు. ఇప్పుడూ లేచి వెళ్లి, గోడ పక్కన పేర్చిన ఇటుకలు సర్దడం మొదలెట్టాడు. వాడి వీపు చూస్తూ మరియమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

కొంపలు అంటుకునే ఉన్నాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

పోయిన శుక్రవారం ఫోను వచ్చినప్పుడు చిన్నా ఇంట్లో లేడు. షైనీ గొంతు తగ్గించి మాట్లాడింది. "అత్తయ్యా, ఆ ఇల్లొదిలేసి వచ్చేసేను. అక్కడింకా ఉంటే నేను మిగలనండి. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నెంబర్లు రాసుకున్న పుస్తకం కూడా అక్కడే. నాకు నోటికొచ్చింది ఈ ఒక్క నెంబరే. మన మలికిపురం అమ్మాయి ఒకావిడ గదిలో దాక్కున్నాను. నన్ను పంపిన కొండబాబుగారికి మటుకు తెలీనివ్వకండి. తెలిస్తే నన్ను మళ్లీ ఆ ఇంటికే అప్పచెప్పేస్తాడు."

"చిన్నాకి చెప్పనా?"

"వద్దండి. ఆయన కడుపులో మాట దాగదు. కొండబాబంటే దేవుడనుకుంటారు. ఎంబసీకి వెళ్తే జైల్లో పెడతారని కొందరంటన్నారు, పంపేస్తారని కొందరంటన్నారు. ఎవరినన్నా అడిగి ఉంచండత్తయ్యా. వచ్చే శుక్రవారం చేస్తాను. మీరెలా చెప్తే అలాగే చేస్తాను. వెనక్కెళ్లిపోమంటే వెళ్లిపోతాను."

మరియమ్మ పాస్టరమ్మగారి కాళ్లు పట్టుకున్నంత పని చేసి కనుక్కుంది. ఆవిడ పిన్ని కూతురు అక్కడే నర్సు. జవాబు మూడో రోజునే వచ్చింది. తిన్నగా ఎంబసీకి వెళ్లిపోమను, అలా వచ్చిన ఆడవాళ్లకి అక్కడ చోటిస్తారు, దారిలో ఎవరికీ చెప్పొద్దను. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని మరియమ్మ శుక్రవారం కోసం కూర్చుంది. మాట సిద్ధంగా ఉంది. ఫోనే పోయింది.

పోనీ ఇటునుంచి చేద్దామా అంటే, కువైట్ నుంచి ఫోనొస్తే తెర మీద పిచ్చి అంకెలేవో పడేవి గానీ అసలు నెంబరు ఏనాడూ పడలేదు.

*

సాయంత్రం కొండబాబు వచ్చాడు.

కువైట్‌కీ మస్కట్‌కీ ఆడవాళ్లని పంపే కొండబాబు అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. తెల్లచొక్కా, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. ఎవరింటికైనా ఉత్త చేతులతో వెళ్లడు. గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లూ లేరు.

"బాగున్నారా మరియమ్మగారూ? ఇటేపు పనుండి వచ్చేనండి. మిమ్మల్ని కూడా చూసెళ్దావని."

"ఆయ్, రండి బాబూ. కూర్చోండి."

కుర్చీలో కూర్చుని, జేబులోంచి రెండు ఫోన్లు తీసి పక్కనున్న స్టూలు మీద పెట్టాడు. ఒకటి పెద్దది. రెండోది చిన్నది, నల్లది, కొత్తది.

"రెండెందుకు బాబూ?" అంది మరియమ్మ, ఏదో ఒకటి అనాలని.

"వ్యాపారం కదండీ. ఒకటి ఇక్కడివాళ్లకి, ఒకటి అక్కడివాళ్లకి." నవ్వాడు. "షైనమ్మ కులాసాగా ఉందాండీ? ఫోనూ గట్రా చేస్తందా?"

"చేస్తదండి. ఇప్పుడీ ఫోనే పాడై కూర్చుంది గానీ."

"పోయినవారం చేసిందా?"

"చేసిందండి. బాగానే ఉన్నానంది."

"ఆ ఇంట్లోనే ఉన్నానందా?"

మరియమ్మ మొహం కదలనివ్వలేదు. "మరెక్కడుంటదండీ? మీరు పెట్టిన చోటే కదా."

కొండబాబు పూతరేకుల డబ్బాని స్టూలు మీద ఇటు నుంచి అటు జరిపాడు. వాకిట్లో ఇటుకలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"ఆ ఇంటాయన ఫోన్ చేసేడండి. పిల్ల కాస్త మొండికేసిందంట. మన ఆడపిల్లలు తొందరపడతారండి మరి, భాష తెలీదు, దారి తెలీదు. అలాంటప్పుడు ముందు నాతో చెప్పాలి. నేను పంపిన పిల్లకి నేనే కదండీ పూచీ. ఏవన్నా తేడా వస్తే అక్కడ చాలా ఇబ్బంది పెడతారు. నేను కూడా ఏవీ చెయ్యలేను."

"అంత మాటనకండి బాబూ."

"మీ మంచికే చెప్తన్నానండి. ఆ పిల్ల మీ మాట వింటది కదా?"

"వింటదండి."

"అదే కావాలండి నాకు. మీ మాట వింటే చాలు."

చిన్నా లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొండబాబు వాడి వైపు చూశాడు. వాడు తల వంచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కొండబాబు రెండు ఫోన్లూ జేబులో వేసుకుని, మరియమ్మకి రెండు చేతులూ జోడించాడు.

"సిమ్ము గురించి కంగారు పడకండి. అదే సర్దుకుంటది."

బండి చప్పుడు వంతెన దాటేదాకా ఇద్దరూ కదల్లేదు.

"నీతో ఏవన్నా మాట్లాడేడా?" అంది మరియమ్మ.

"నాతో ఏం మాట్లాడతాడు?"

"ఆయన గుమ్మం తొక్కద్దని నీకు చెప్పేను కదా."

"ఎందుకు తొక్కద్దో మటుకు చెప్పవు. పంపినాయనే ఆయన. ఆయన్ని దూరం పెట్టి ఏం బావుకుంటాం?"

చెప్పేస్తే పోయేది. ఆ క్షణంలో చెప్పేస్తే ఈ కథ ఇంకోలా నడిచేది. కానీ కోడలికి మాటిచ్చింది. మరియమ్మ పూతరేకుల డబ్బాని విప్పకుండానే అటక మీదికి తోసేసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకూ ఇంకేమీ అడగలేదు. వాడు అడగకపోవడం ఆమెకి అప్పటికి మేలే అనిపించింది.

*

శుక్రవారం ఆమె కొడుకుని పిలవలేదు. చీర మార్చుకుని బస్టాపుకి నడిచింది. వాడే వెనకాల వచ్చి బస్సెక్కాడు.

బస్సు బోడసకుర్రు వంతెన మీదికి ఎక్కింది. కింద గోదావరి పాయ వైనతేయ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. మరియమ్మ కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. నిన్నటి మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. 'సిమ్ము గురించి కంగారు పడకండి' అన్న దగ్గర ఆమె ఆగిపోయింది.

ఫోను పాడైందని మాత్రమే తను చెప్పింది. సిమ్ము అన్న మాట తన నోట రాలేదు.

ఆమె కొడుకు వైపు తిరిగింది. వాడు అవతలి కిటికీలోంచి కొబ్బరి తోటలు చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న తోటలవి.

అమలాపురంలో షోరూం ముందు కొత్త బోర్డు తగిలించారు గానీ, అది కాస్త పొట్టిదై పైన పాత 'సుస్వర' ఆకుపచ్చ రంగు కనిపిస్తూనే ఉంది. లోపల కాలు పెట్టే సందు లేదు. కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన, తన లారీలన్నిటి మీదా పాత నెంబరే రాయించానని, మళ్లీ రంగులేయించే ఖర్చు ఎవడిస్తాడని ఊగిపోతున్నాడు. నెంబరు మారదండీ, సిమ్మే మారుతుందని చెప్పినా ఆయన చెవికెక్కట్లేదు. అల్లవరం నుంచి వచ్చిన రొయ్యల చెరువులాయన, ఊళ్లో పాత టవరు ఆపేశారని, చెరువు దగ్గర కాపలావాడితో మాట్లాడాలంటే గట్టెక్కి కేకెయ్యాల్సి వస్తోందని మొత్తుకుంటున్నాడు. కంపెనీలు కలిసిపోయాయి గానీ ఇక్కడ కలిసినదల్లా జనం గోలే.

వాళ్ల వంతు వచ్చేసరికి బయట ఎండ వాలుతోంది.

కౌంటర్లో అమ్మాయి చొక్కా మీద సత్యప్రియ అని పేరుంది. పొద్దుటి నుంచి తిట్లు తిని తిని మొహం వాడిపోయింది. అయినా మర్యాద తప్పలేదు.

"చెప్పండమ్మా."

మరియమ్మ నెంబరు చెప్పింది. చూడకుండా చెప్పింది. షైనీ కువైట్‌లో ఎలా నోటికి పట్టిందో ఆమె ఇక్కడ అలాగే పట్టింది.

సత్యప్రియ కంప్యూటర్లో కొట్టి చూసింది. "ఈ నెంబరు బాగానే పనిచేస్తందండి."

"ఎక్కడ పనిచేస్తందమ్మా? ఇదిగో చూడు." మరియమ్మ ఫోను ముందు పెట్టింది.

"ఇది పాత సిమ్ము కదమ్మా. మంగళవారం కొత్త సిమ్ము ఇచ్చేసేం. కొత్తది మొదలవ్వగానే పాతది ఆగిపోద్ది. అందుకే మీకు రావట్లేదు."

"మేం ఎవరమూ తీసుకోలేదే."

"తీసుకున్నారండి. పాస్‌పోర్టు జెరాక్సు ఉంది, ఫొటో ఉంది, సంతకం కూడా ఉంది. షైనీ అని." ఆ అమ్మాయి కంప్యూటరు కాస్త ఇటు తిప్పింది. "ఈవిడేనాండీ?"

షైనీయే. పాస్‌పోర్టు కోసం తీయించుకున్న ఫొటో. కళ్లు పెద్దవి చేసుకుని, కెమెరా అంటే భయపడుతున్నట్టు తిన్నగా చూస్తోంది. ఆ మొహం చూసి మరియమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవలేదు.

"ఈ పిల్ల కువైట్‌లో ఉందమ్మా. మంగళవారం ఇక్కడికొచ్చి ఎలా సంతకం పెడద్ది?"

సత్యప్రియ గతుక్కుమంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇది మా కౌంటర్లో అయింది కాదండి. బయట ఏజెంట్ల నుంచి వచ్చింది. నెలాఖరు కదా, వాళ్లు కట్టలు కట్టలు తెచ్చి పడేస్తన్నారు. జెరాక్సు ఎవరిచ్చేరో మీరే చూసుకోవాలండి."

పాస్‌పోర్టు షైనీ యజమాని దగ్గర ఉంది. నాగసతీష్ ఇచ్చిన పాత జెరాక్సు కంపెనీ బీరువాల్లో ఎక్కడో పడి ఉంటుంది. పాస్‌పోర్టు జెరాక్సు ఇంకొక్కడి దగ్గరే ఉంటుంది. దాన్ని చేయించిన కొండబాబు దగ్గర.

మరియమ్మ కొడుకు వైపు తిరిగింది.

"జెరాక్సు అడిగేనమ్మా," అన్నాడు చిన్నా. "అంతే. ఆదివారం వెళ్లి అడిగేను. సిమ్ము దాని పేరునుంది, మార్పించుకోవాలి, జెరాక్సు ఇవ్వండని. శనివారం వచ్చి పట్టుకెళ్లమన్నాడు. నెంబరెంతని అడిగితే చెప్పేను. నువ్వు తిడతావని నీకు చెప్పలేదు."

"నెంబరు చెప్పేవా?"

"సాయం చేస్తాడనుకున్నాను."

"ఆయనకి కావలసింది సిమ్ము కాదురా. నీ పెళ్లాం." మరియమ్మ వాడి చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగింది. అప్పుడు చెప్పింది, మొత్తం. ఇల్లొదిలి వచ్చేసిందని, ఎవరి గదిలోనో దాక్కుందని, ఈ శుక్రవారం చేస్తానందని, ఎలా చెప్తే అలాగే చేస్తానందని.

చిన్నా గోడకి జారగిలబడిపోయాడు. "నాకెందుకు చెప్పలేదే? వారం రోజులు కడుపులో పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?"

"అదే వద్దంది."

"నా పెళ్లాం నాకు చెప్పద్దందా?"

మరియమ్మ మొహం తిప్పుకుని కౌంటరు దగ్గర జనం వైపు చూసింది.

"కొండబాబు ఫోనెత్తితే గొంతు అది గుర్తుపడద్ది కదా," అన్నాడు వాడు. "వెంటనే పెట్టేస్తది."

"పెట్టదురా. మన నెంబరుకి చేస్తే ఆయన ఎత్తితే, మనవే ఫోను ఆయన చేతిలో పెట్టేవనుకుంటది. మీ అత్తగారే నన్ను మాట్లాడమన్నారమ్మా అంటే నమ్మేస్తది. మన ఫోన్లో ఆయన మాట్లాడితే అది మన మాటే కదరా. వెనక్కెళ్లిపొమ్మంటే వెళ్లిపోతానంది."

మరియమ్మ జనాన్ని తోసుకుని మళ్లీ కౌంటరు దగ్గరికి వచ్చింది. "ఆ సిమ్ము ఆపించెయ్యి తల్లీ. ఇప్పుడే ఆపించెయ్యి."

సత్యప్రియ కళ్లలో నిజంగానే జాలి కనిపించింది. "నాకు అధికారం లేదండి. ఆపాలన్నా ఎవరి పేరున ఉందో వాళ్లే రావాలండి. లేకపోతే పోలీసు కాగితం తేవాలి."

"అంటే ఆ పిల్లే రావాలా?"

"రూలు అలా ఉందండి."

గోడ మీద గడియారం వైపు చూడక్కర్లేదు. గుమ్మంలోంచి పడే ఎండ ఏ మూలకి వచ్చిందో చూస్తే చాలు, ఇంట్లో ఈ వేళకి ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"పోనీ ఆ నెంబరుకి ఒక్కసారి కలపమ్మా," అంది. "నేను మాట్లాడతాను. ఆయన కాళ్లన్నా పట్టుకుంటాను."

సత్యప్రియ ఎవరూ చూడకుండా కౌంటరు మీది ఫోను ఇటు జరిపి, నెంబరు నొక్కి, రిసీవరు ఇచ్చింది. మరియమ్మ రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. చిన్నా దగ్గరికి వచ్చి తల ఆనించాడు.

ముందు కొత్త కంపెనీ సంగీతం వచ్చింది. తర్వాత ఒక ఆడగొంతు, తేనె పూసినట్టు మెత్తగా పలికింది. "నమస్కారం. మీరు కోరిన వినియోగదారులు ప్రస్తుతం వేరొకరితో మాట్లాడుతున్నారు. దయచేసి లైన్‌లో ఉండండి."

ఈ వేళప్పుడు ఆ నెంబరుకి ఫోను చేసేది లోకంలో ఒక్కరే.

"ఎంబసీకి వెళ్లిపోవే," అంది మరియమ్మ రిసీవర్లోకి. అవతల ఎవరూ లేరని, అది రికార్డు చేసిన గొంతని ఆమెకి తెలుసు. అయినా అంది. "ఎవరి మాటా వినకు. తిన్నగా ఎంబసీకి వెళ్లిపోవే తల్లీ."

సంగీతం మళ్లీ వచ్చింది. ఆడగొంతు మళ్లీ నమస్కారం చెప్పింది. కొబ్బరికాయల వ్యాపారి అరుపులు కూడా సద్దుమణిగాయి. షోరూంలో జనం ఒక్కొక్కరే ఇటు తిరిగి చూస్తున్నారు.

అంతలో సంగీతం ఆగిపోయింది. అవతల ఫోను రింగవడం మొదలైంది.

షైనీ మాట్లాడటం అయిపోయింది.